మంచె మీది చేప

రండి, ఆ చాప ఇటు జరుపుకుని నా దగ్గరగా కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా మాట సరిగ్గా వినపడదు, ఫ్యానేమో ఆపడానికి లేదు. అది మన కోసం తిరుగుతున్న ఫ్యాను కాదు. ఎవరి కోసమో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

మొన్న కోడేరులో మా చెల్లెలి కోడలు మామిడికాయ తొక్కు పెడుతూ నన్ను పిలిపించింది. కలపడానికి వాళ్ల ఇంట్లో చేతులకు కొదవ లేదు. నన్ను పిలిచింది ఉప్పు చూడడానికి. మా వైపు ఇళ్లల్లో అదొక పద్ధతి. జాడీకి గుడ్డ కట్టే ముందు, చెయ్యి మంచిదని పేరున్న పెద్దామెను పిలిచి ఊట ఒక చుక్క నాలుక మీద వేయిస్తారు. ఆమె చాలంటే చాలు. ఇంకో పిడికెడు అంటే ఇంకో పిడికెడు. గట్టు ఊరి నుంచి కోడేరు దాకా మా చుట్టాల ఇళ్లల్లో ఆ పని నాదే. నా నాలుక మాట మీద ఎన్ని జాడీలు మూతపడ్డాయో లెక్క లేదు.

ఆ రోజు ఊట నాలుక మీద పడగానే నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది పెద్దత్తా, కారం గొట్టిందా?" అని ఆ పిల్ల కంగారు పడింది.

"లేదు బిడ్డా. ఉప్పు సరిగనే ఉన్నది. ఒకాయన యాదికొచ్చిండు."

ఆ ఒకాయన పేరు చెప్పను. పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఆయన కూర్చునే తీరు చెబితే గద్వాలలో సగం మంది గుర్తుపడతారు. మా సందులో మా ఎదురిల్లు ఆయనది. ముందు గదిలో బోరు మోటార్లకు తీగ చుట్టే పని చేసేవాడు. గదిలో ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల మీద రెండు మోచేతులు ఆనించి, అరచేతులు వదులుగా వేలాడేసి, గడ్డం కొంచెం పైకెత్తి కూర్చునేవాడు. మెడ కదిలేది కాదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే కళ్లు మాత్రం తిరిగేవి. ఒక కన్ను మన మీదికి వస్తే ఇంకో కన్ను మోటారు మీదే ఉండేదని నేను ఒట్టు పెట్టి చెప్పగలను. మనం మాట్లాడుతున్నంతసేపూ అలాగే ఉండేవాడు. విన్నాడో లేదో తెలిసేది కాదు. ఉన్నట్టుండి ఒక్క ఊపున లేచి, సరిగ్గా చెడిపోయిన చోట వేలు పెట్టేవాడు. "ఈడ కాలింది" అనేవాడు. మళ్లీ వెళ్లి మోచేతుల మీద వాలేవాడు.

ఆయన ఎదురుగా, గోడకు ఆనించి, ఒక గాజు తొట్టి ఉండేది. దాంట్లో ఒకే ఒక్క చేప.

ఆ చేపను తెచ్చిన రోజు నాకు బాగా యాది. పట్నం నుంచి మధ్యాహ్నం రైలుకు దిగాడు. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, దాంట్లో సగం నీళ్లు, సగం గాలి, వేలంత చేప. రైలంతా ఆయనను ఆటపట్టించిందట. ఒకామె అయితే, "ఏంది అన్నా, కూరకా? గంత దూరం పోయి ఒక్కటే తెస్తున్నవ్, నీకొక్కనికి గూడ సాలదు గదా" అందట. ఈయన మెడ తిప్పకుండా, "ఇది తినెటిది కాదక్కా, సూసెటిది" అన్నాడట.

మర్నాటికి సందులో ఆడవాళ్లమంతా వెళ్లాం. చేపలు పెంచే తొట్టి అంటే మేమేదో అనుకున్నాం. బంగారు రంగు చేపలు గుండ్రంగా తిరుగుతాయి, బుడగలు వస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది అనుకున్నాం. ఇక్కడ చూస్తే, నీళ్లల్లో కొమ్మలు కొమ్మలుగా ఉన్న ఒక తెల్ల రాయి, ఆ రాయి మీద ఒక చేప కూర్చుని ఉంది. అవును, కూర్చునే ఉంది. ముందు రెక్కలు రెండూ మోచేతుల్లాగా రాయికి ఆనించి, తల కొంచెం పైకెత్తి. తెల్లటి ఒళ్లు, ఒంటినిండా మన ఎర్రనేల మన్ను చిలకరించినట్టు మచ్చలు. కన్ను కింద రెండు ఎర్ర గీతలు. వీపు మీది ముళ్ల కొసలకు చీర కొంగు కుచ్చుల్లాంటి సన్నటి పోగులు.

కూరగాయల గంప దింపి లోపలికి వచ్చిన ముసలామె కాసేపు తొట్టిని చూసింది, కాసేపు ఆయనను చూసింది.

"ఏందయ్యా ఇది? ఈదదా?"

"ఈదదు. కూసుంటది."

"ఇద్దరూ ఒక్క తీరుగనే కూసున్నరు. లోపల ఎవరు, బయట ఎవరు, ఎట్ల తెలుస్తదయ్యా మాకు?"

మేమంతా విరగబడి నవ్వాం. ఆయన నవ్వలేదు గానీ, మీసం కింద ఏదో కదిలింది. ఒక రొయ్య ముక్క చిటికెడు తీసి నీళ్లల్లో వేశాడు. అంతవరకూ రాయిలా ఉన్న చేప రివ్వున లేచి, ముక్క కింద పడకముందే అందుకుని, మళ్లీ అదే కొమ్మ మీద, అదే చోట, అదే తీరున వాలింది. కన్ను మూసి తెరిచేలోపల అయిపోయింది. ముసలామె నోట్లోని ఆకు నమలడం కూడా ఆపేసింది.

"ఇంగ్లీషోళ్లు దీన్ని హాక్‌ఫిష్ అంటరు, డేగ చేప అన్నట్టు. డేగ తీరుగ పైన కూసుని సూసి, కిందికి ఉరుకుతది. నేనైతె మంచె చేప అంట" అన్నాడు.

ఎందుకలా అంటాడో తర్వాత తర్వాత తెలిసింది. చిన్నప్పుడు లింగాల వైపు మేనమామ ఊళ్లో జొన్నచేను కాపలాకు ఆయనను మంచె ఎక్కించేవాళ్లట. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ నాలుగు కర్రల మీద కూర్చుని, వడిసెలలో రాయి పెట్టుకుని, ఏ మూల పిట్ట వాలుతుందో చూడడమే పని. తర్వాత కరువు వచ్చి అందరితోపాటు బొంబాయి పోయాడు, అటునుంచి దుబాయ్. అక్కడ ఒక పెద్ద హోటల్లో మేడంత గాజు తొట్టి ఉండేదట, సముద్రాన్ని తెచ్చి ఇంట్లో పెట్టినట్టు. దాని గాజుకు పట్టే నాచు గీకే పని ఈయనకు ఇచ్చారు. ఏళ్లకేళ్లు అదే పని చేశాడు.

"గంత తొట్టిల వెయ్యి చేపలుంటయి చెల్లె. అన్నీ బొంబాయి బస్సు కాడ జనం ఉరికినట్టు అటిటు ఉరుకుతనే ఉంటయి. ఎందుకు ఉరుకుతున్నయో వాటికే తెల్వదు. అండ్ల ఇదొక్కటి రాయి మీద మోచేతులు పెట్టుకుని నన్నే సూస్తుండె. నేను గీకుకుంట అటు పోతె కన్ను అటు, ఇటు వస్తె కన్ను ఇటు. అరె, గిది మా మామ చేన్ల మంచె మీద నేనే గదా అనిపించింది. ఆ దేశంల నన్ను సూసిన మొదటి పాణం అదే."

ఆ మాట ఆయన ఒక్కసారే చెప్పాడు. నేను మాత్రం ఎన్నోసార్లు విన్నట్టు ఉంటుంది.

నన్ను చెల్లె అనేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఎదురిల్లే చుట్టరికం. ఆయన భార్య పోయి చాలా ఏళ్లు. ఒక్కతే కూతురు, వనపర్తిలో ఇచ్చారు. పొద్దున నేను రొట్టెలు చేసేటప్పుడు రెండు ఎక్కువ చేసి ఇచ్చేదాన్ని. ఆయనా ఊరికే ఉండేవాడు కాదు, బదులుగా నాకు చేపల కబుర్లు ఇచ్చేవాడు.

ఒకనాడు నేను వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని జూరాల డ్యాం బొచ్చె చేపను కోస్తున్నాను. పొట్టలోంచి తెల్లగా, గాలి నిండిన తిత్తి బయటపడింది. ఊరికే పక్కన పారేయబోయాను. ఆయన గుమ్మంలో నిలబడి, "ఆగు చెల్లె, జర ఇటియ్యి" అని దాన్ని వేళ్లతో పట్టుకున్నాడు.

"ఇదేందో ఎరికనా?"

"తిత్తి. పిల్లలు పటుక్కుమని పగలగొడతరు."

"ఇది ఉన్నందుకే చేప నీళ్లల్ల తేలుతది. ఆగినా మునగదు. నా చేపకు ఇది లేదు. దేవుడు పెట్టుడు మరిచిండు. ఈదుడు ఆపిందంటె కిందికే. గందుకే ఏదో ఒకదాని మీద కూసుంటది. తేలుడు రాదు గన్క, కూసునుడు నేర్చింది."

ఆయన ఆ తిత్తిని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేను అంతకుముందు ఎన్ని వందల తిత్తులు పారేశానో. ఆ రోజు నుంచి ఒక్కదాన్నీ చూడకుండా పారేయలేదు.

ఇంకో ముచ్చట చెబుతాను. మా ఆయన పోయిన రెండో ఏడు, వానలు పడ్డాయి, విత్తనం వేయాలి. మా వైపు విత్తేటప్పుడు గొర్రు పట్టి ఎడ్లను తోలేది మగవాళ్లు. గొర్రు వెనక, జడ్డిగం గిన్నెలో గింజలు వదిలేది ఆడవాళ్లు. ఆ ఏడు కూలికి మగమనిషి దొరకలేదు. పదును ఆరిపోతోంది. నేనే కొంగు బిగించి గొర్రు పట్టాను, మా తోటికోడలు గింజలు వదిలింది. పంట సంగతి పక్కన పెట్టండి, ఊరంతా అదే మాట అయింది. తర్వాత ఒకనాడు నేను ఆయనకు రొట్టెలు ఇవ్వడానికి వెళ్తే, కాలిపోయిన మోటారు పట్టుకుని మా మరిది కూర్చుని ఉన్నాడు.

నన్ను చూడగానే మొదలుపెట్టాడు. "అన్నా, మా వదినకు కుర్చీ ఎయ్యి. ఇప్పుడు ఆడమనిషి గాదు, మగరాయుడు అయింది. మీసాలొక్కటే తక్కువ."

నేను తల వంచుకున్నాను. ఈయన మోచేతుల మీద అలాగే ఉన్నాడు. కళ్లు మాత్రం తొట్టి వైపు తిరిగాయి.

"తమ్మీ, ఇటు సూడు. ఇది ఆడిదా, మగదా?"

"నాకేం తెలుసన్నా?"

"నాకు గూడ తెల్వదు. ఈ జాతి పుట్టుడు పుట్టుడే అన్నీ ఆడియే పుడతయి. సముద్రంల ఒక్క రాయి కాడ ఒక్క మగది, దాని ఎంబడి నాలుగైదు ఆడియి. ఆ మగది సచ్చిందనుకో, వేరే ఊరి నుంచి మగదాన్ని తెచ్చుకోవు. ఉన్నవాట్లల్ల పెద్దది లేస్తది. కొన్ని దినాలకు అదే మగది అయితది. దానికన్న బలమైంది వచ్చి కొడితె, మల్ల ఆడిది గూడ అయితదంట."

"గప్పాలు కొడుతున్నవ్ అన్నా."

"దుబాయ్ల మా తొట్టిల నా కండ్లతోని సూసిన. మగదాన్ని పాము చేప తిన్నది. నెల తిరగకముందే పెద్దామె దాని రాయి ఎక్కి కూసున్నది."

"మరి తక్కినయి ఏమన్లేదా?"

"ఏమంటయి? రాయి ఖాళీ పెడితె అందరు సస్తరు గదా." ఆయన, మా మరిది తెచ్చిన మోటారు ముందుకు లాక్కుని, వేలుతో చూపించాడు. "నీది ఈడ కాలింది. రేపు రా."

ఆ తర్వాత మా మరిది నన్ను ఆ మాట అనలేదు. మరుసటి ఏడు అదును దాటకముందే తనే ఎడ్లు తోలుకొచ్చాడు. నేను గొర్రు వదల్లేదు, జడ్డిగం దగ్గర అతన్నే నిలబెట్టాను. అది వేరే కథ.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి ఇప్పటికీ నాకు కొంచెం సిగ్గే.

ఎండాకాలం మధ్యలో ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. కర్నూలు దవాఖానలో చూపిస్తే, ఆపరేషన్ చేయాలి, దానికి ముందు కొన్ని రోజులు ఉంచుకుని మందులు ఎక్కించాలి అన్నారు. కూతురు వచ్చింది. వెళ్లేముందు ఆయన తాళం చెవి నా చేతిలో పెట్టాడు. చెయ్యి చల్లగా ఉంది.

"చెల్లె, నాకు భయం లేదు. పోతె పోత. గని దీన్ని నువ్వు సూడాలె. నేను ఒస్తె, ఒచ్చి దీని ముంగట కూసుంట. గంతే నాకు కావల్సింది."

చేయాల్సినవి చెప్పాడు. పొద్దున్నే వెళ్లి తొట్టికి మూడు పక్కలా కట్టిన గోనె సంచులు తడపాలి. నీళ్ల మీదికి ఫ్యాను వేయాలి, సముద్రపు చేప మన పాలమూరు ఎండకు తట్టుకోదు. కుండలో నీళ్లు చల్లబడ్డట్టు అలా చల్లబడతాయి. పైన కట్టిన దోమతెర తీయకూడదు, ఇది ఎగిరి బయటపడే రకం. పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు రొయ్య. గాజు మీద ఎర్ర గోళ్లరంగుతో ఒక గీత గీశాడు.

"నీళ్లు గీత కాడికి ఉండాలె. తగ్గితె పొయ్యి."

అంతే చెప్పాడు. ఏ నీళ్లు పోయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బల్ల కింద రెండు క్యాన్లు ఉన్నాయి. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు. నేను ఉప్పు గురించి ఇంకొకరిని అడగాల్సిన పని ఏముంది? ఉప్పులో ఊరవేసిన కాయల జాడీలో నీళ్లు తగ్గితే ఏం పోస్తాం? ఉప్పునీళ్లే పోస్తాం. పచ్చినీటి చుక్క తగిలితే జాడీ అంతా బూజే. పుట్టిన దగ్గర నుంచి నా చేతికి తెలిసింది అదే. తొట్టిని చూసినా నా చేతికి జాడీయే కనపడింది.

ఫ్యాను గాలికి నీళ్లు రోజుకు మూడు నాలుగు వేళ్లు దిగిపోయేవి. నేను రోజూ గీత దాకా ఉప్పునీళ్లు పోసేదాన్ని. క్యాన్ అయిపోయాక పక్కనే ఉన్న సముద్రపు ఉప్పు సంచి విప్పి నేనే కలిపాను. నాలుక మీద వేసుకుని చూశాను కూడా. చాలనిపించింది.

రోజూ మధ్యాహ్నం ఫోన్ వచ్చేది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. ఒకటే మాట.

"కూసున్నదా?"

"కూసున్నదన్నా."

"మంచిది." ఫోన్ పెట్టేసేవాడు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, తలుపు తీయగానే కొమ్మ ఖాళీగా కనపడింది. దోమతెర సరిగ్గానే ఉంది. వంగి చూస్తే, చేప కింద ఇసుకలో, మూలకు, ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఎర్ర మచ్చలు వెలిసిపోయాయి. మొప్పలు ఎగపోస్తున్నాయి. రొయ్య ముక్క వేశాను, కన్ను కూడా తిప్పలేదు. తొట్టి అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, అంతకుముందు చూడలేదు నేను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చేదెక్కిన ఉప్పు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు ఎండబెడితే నీళ్లు ఆరిపోయి ఉప్పు తెల్లగా నిలవడం నేను ఎన్ని ఎండాకాలాలు చూడలేదు? నీళ్లే ఎగిరిపోతాయి, ఉప్పు పోదు. తెలిసిందే. తెలిసి తెలిసి రోజూ ఉప్పు మీద ఉప్పు పోశాను.

కూతురికి ఫోన్ చేశాను. ఆ పిల్ల ఏడుపు గొంతుతో, "అత్తా, రేపే ఆపరేషన్. నాన్నకు జర గూడ పరేషాన్ కావొద్దన్నడు డాక్టర్. నీ కాళ్లు మొక్కుత, కూసున్నదనే చెప్పు" అంది.

సరే అన్నాను. ఆమె చెప్పిందీ నిజమే. ఎవరి ప్రాణం ఎక్కువ? మధ్యాహ్నం దాకా ఆ తొట్టి ముందు, ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"కూసున్నదా?"

నోటిదాకా వచ్చింది, కూసున్నదన్నా అని. కానీ నేను అబద్ధం చెబితే దాన్ని ఎలా బతికించాలో నాకు చెప్పేవాళ్లు ఇంకెవరు? ఆయన తిరిగొచ్చి కూర్చుంటే ఎదురుగా ఏముంటుంది?

"లేదన్నా. పండుకున్నది."

అవతల దవాఖానలో ఎవరో ఎవరినో పిలవడం వినపడింది.

"ఒక పక్కకు ఒరిగిందా, బోర్ల పడ్డదా?"

"ఒరిగింది."

"మొప్పలు ఆడుతున్నయా?"

"బగ్గ ఆడుతున్నయి."

"ఏం నీళ్లు పోసినవ్ చెల్లె?"

చెప్పాను. ఊరగాయ జాడీ సంగతితో సహా అంతా చెప్పాను. చెప్పి, ఆయన తిట్టే తిట్టు కోసం కళ్లు మూసుకున్నాను. తర్వాత అటునుంచి ఒక వింత శబ్దం వచ్చింది. దగ్గు అనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. అన్నేళ్లలో ఆయన నవ్వు వినడం అదే మొదలు.

"చెల్లె... సముద్రాన్ని ఊరేసినవ్ గదే!"

"నవ్వకన్నా, నీకు మంచిది కాదు" అని నేను ఏడుస్తున్నాను.

"తప్పు నాది. ఏ నీళ్లో నేను చెప్పలె. ఇప్పుడు విను. ఒక్కసారే మంచినీళ్లు గుమ్మరించకు. ఉపాసమున్నోనికి ఒక్కపారి కడుపు నింపితె ఏమైతది? రెండు చెంబులు తియ్యి, రెండు చెంబులు మంచినీళ్లు పొయ్యి. గంట ఆగు. మల్ల రెండు. దానికి తెల్వకుండ దాని సముద్రాన్ని దానికి ఇయ్యాలె. తొందర పడకు. సూసుకుంట కూసో, గంతే."

ఆ రోజు పోశాను. మర్నాడు పొద్దున్నే ఆయనను లోపలికి తీసుకెళ్లారని కూతురు ఫోన్ చేసింది. నేను కుర్చీ తొట్టి దగ్గరికి లాక్కున్నాను. రెండు చెంబులు తీయడం, రెండు చెంబులు పోయడం. గోడ గడియారం చూడడం. మధ్యలో గోనెలు తడపడం. కూరగాయల ముసలామె వచ్చి, సంగతి విని, నా చేతిలో చెంబు తీసుకుని, "నువ్వు పోయి ఇంత తినిరా, నేను పోస్త. నేనెవరికీ ఉప్పు సూడను గన్క నాకు భయం లేదు" అంది. ఆ మాటకు నాకు కోపం కూడా రాలేదు.

ఆయనకు మెలకువ వచ్చిందని సాయంత్రం ఫోన్ వచ్చింది. చేప మాత్రం మూలలోనే ఉంది.

మూడో రోజు కూతురు వీడియో కాల్ చేసింది. గొంతులో గొట్టం పెట్టి తీయడం వల్ల ఆయనకు మాట రావడం లేదు. మొహం పీక్కుపోయి ఉంది. నన్ను చూసి, మంచం మీదే, సూదులు గుచ్చి ఉన్న చేతులు రెండూ మెల్లగా ముందుకు తెచ్చి, మోచేతులు పొట్ట మీద ఆనించి, గడ్డం కొంచెం పైకెత్తాడు. అంతే. అడగాల్సింది అడిగేశాడు.

నేను ఫోన్ తిప్పి తొట్టికి చూపించాను. చేప ఇసుకలోనే ఉంది, కానీ ఒరిగి లేదు. పొట్ట మీద నిలబడి ఉంది. చాలాసేపు పట్టుకున్నాను ఫోన్‌ని, చెయ్యి లాగింది. మళ్లీ తిప్పి చూస్తే, ఆయన ఒక అరచెయ్యి కొద్దిగా ఎత్తి, మెల్లగా దించాడు. మెల్లగా, మెల్లగా అన్నట్టు.

ఆ మర్నాడు పొద్దున తలుపు తీశాను. కొమ్మ మీద, అదే చోట, మోచేతులు ఆనించుకుని కూర్చుని ఉంది. నేను గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే కన్ను నాతో పాటు తిరిగింది. తాళం చెవి చేతిలో అలాగే పట్టుకుని, చెప్పులు కూడా విడవకుండా, గడప మీదే నేనూ కూర్చున్నాను.

ఆయన తిరిగొచ్చాడు. ఆ తర్వాత మూడు ఎండాకాలాలు మా సందులోనే ఉన్నాడు. బరువు మోటార్లు ఎత్తడం మానేశాడు. సందులోకి ఎవరు కొత్తగా వచ్చినా, "మా చెల్లె తెలుసా? సముద్రానికి ఉప్పు సూసింది" అని నన్ను చూపించేవాడు. నేను రొట్టెల మూట విసిరేస్తానని బెదిరించేదాన్ని. ఆ చివరి రోజుల్లో ఒకసారి, ఈ చేప గుడ్లు ఎలా పెడుతుందని నేనే అడిగాను. పొద్దుగూకే వేళ జంటగా నీళ్లల్లో పైకి ఎగిరి వదిలేస్తాయట. గుడ్లు అలల్లో ఎటో కొట్టుకుపోతాయి. పిల్లలు అయ్యాక కూడా ఎన్నో దినాలు ఎక్కడెక్కడో తేలుకుంటూ పోయి, ఎక్కడో తెలియని రాయి కనపడితే దాని మీద వాలతాయట. తల్లెవరో, రాయెవరిదో తెలియదు. ఒకసారి వాలితే అదే ఇల్లు.

"మన తీరుగనే" అన్నాడు. అని, ఒక రొయ్య ముక్క తీసి నీళ్లల్లో వేశాడు.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం రొట్టెలు తీసుకుని వెళ్లాను. తలుపు తీసే ఉంది. బల్ల మీద రెండు మోచేతులు, గడ్డం చేతుల మీద. ఎదురుగా కొమ్మ మీద చేప. నాకు అలవాటు కొద్దీ ముందు తొట్టి వైపే చూపు పోయింది. తమాషాకు నేనే అడిగాను.

"కూసున్నదా అన్నా?"

జవాబు రాలేదు. ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే వచ్చేది గనక, నేను రొట్టెలు బల్ల మీద పెట్టి, గిన్నె మూత తీసి, నీళ్లు కూడా వంచాను. అప్పుడు చూశాను. చేప కన్ను నాతో పాటు తిరిగింది. ఆయన కన్ను తిరగలేదు.

ఇల్లు ఖాళీ చేయడానికి వనపర్తి నుంచి కూతురూ అల్లుడూ వచ్చారు. తొట్టిని ఏం చేద్దామత్తా అని అడిగింది. సందు ఇటు నుంచి అటు దాటించడమే కదా. నీళ్లు బకెట్లలోకి తీసి, చేపను చెంబులో పెట్టుకుని నేనే దాటించాను. మధ్యలో ఎగరకుండా పైన నా కొంగు కప్పాను. ఇప్పుడు ఆ లోపలి గదిలో ఉంది. ఆ ఫ్యాను దానిది. తొట్టి పెట్టిన బల్ల కింద మంచినీళ్ల క్యాన్ మీద ఆయన కూతురు ఎర్ర గోళ్లరంగుతో పెద్ద చుక్క పెట్టి పోయింది, నేను మళ్లీ ఊరేస్తానని.

ప్రతి ఆదివారం ఆ పిల్ల వనపర్తి నుంచి ఫోన్ చేస్తుంది. బాగున్నావా అత్తా అనదు. తిన్నావా అనదు. వాళ్ల నాన్న గొంతే.

"కూసున్నదా?"

నేను లేచి లోపలికి వెళ్లి, కళ్లతో చూసి, అప్పుడే చెబుతాను.

ఇంతసేపు నా దగ్గర కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో జాడీలు బూజు పట్టకుండా ఉండాలి. మీ గడప దాటి బతుకుదెరువుకు పోయిన ప్రతివాళ్లకూ, ఎక్కడ తేలినా, వాలడానికి ఒక రాయి దొరకాలి. వాలారా లేదా అని రోజూ అడిగే ఒక గొంతు మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.